దోమలు లేని సాయంత్రాలు

వీధిలో అందరూ ఆమెను మైనమక్క అనేవారు. అది కన్నవాళ్లు పెట్టిన పేరు కాదు, కొవ్వొత్తుల కార్ఖానా పెట్టిన పేరు. రెండు జడలు వేసుకునే వయసులో అక్కడ పనికి చేరి, కరిగిన మైనం అచ్చుల్లో పోస్తూ పోస్తూ నడివయసుకు వచ్చింది. వేడి పాత్రను పట్టకారు లేకుండా దించేది. ఆమె వేళ్లకు వేడి తెలియదని తోటివాళ్లు నవ్వేవారు. ఒకరోజు పొద్దున్నే పనికి వెళ్లేసరికి కార్ఖానా గేటుకు తాళం వేసి ఉంది. యజమాని ఎటు పోయాడో ఎవరికీ తెలియదు. కాసేపు అక్కడే నిలబడి, చేసేది లేక ఇంటికి తిరిగొచ్చింది.

ఇంట్లో ఊరికే కూర్చోవడం ఆమెకు చేతకాలేదు. గిన్నెలు తోమినవే తోమేది, మడతపెట్టిన బట్టలు విప్పి మళ్లీ మడతపెట్టేది. భర్త బస్సుల గ్యారేజీలో మెకానిక్కు. బస్సు కింద గోతిలో దిగి పనిచేయాలి. సాయంత్రమైతే ఆ గోతిలో దోమలు ముసురుకునేవి. కొట్లో కొన్న దోమల క్రీము రాసుకుంటే అతని చేతులు ఎర్రగా కంది, బొబ్బలెక్కేవి. రాసుకోకపోతే దద్దుర్లు. అది చూసి ఆమె ఒకరోజు అంది:

"నేనే ఏదో ఒకటి చేసిస్తానండీ. మైనం నాకు కొత్తా?"

మూలన మంచం మీద కూర్చున్న అత్తగారు వెంటనే అందుకుంది. "చెయ్యవే తల్లీ. ఇప్పటిదాకా వాడు బస్సుల జిడ్డు ఒకటే మోసుకొస్తున్నాడు. ఇక నీ జిడ్డు కూడా పూసి పంపు."

మొదటిసారి చేసింది రాయిలా గడ్డకట్టింది. అత్తగారు డబ్బా అటూ ఇటూ తిప్పి చూసి, "మధ్యలో ఒత్తి ఒకటి పెట్టేస్తే సరి, కరెంటు పోయినప్పుడు పనికొస్తుంది" అంది. రెండోసారి చేసింది మధ్యాహ్నం ఎండకే నూనెలా కారిపోయింది. మూడోసారికి పాళ్లు కుదిరాయి. వెడల్పు గిన్నెలో నీళ్లు మరగబెట్టి, అందులో చిన్న గిన్నె నిలబెట్టి, తురిమిన తేనెమైనం, కొబ్బరినూనె వేసి కరిగించేది. పొయ్యి మీద నుంచి దించి, గిన్నె అంచు వేలికి ఆనేంత చల్లారాక నిమ్మగడ్డి నూనె, కాసింత వేపనూనె కలిపేది. వేడి మీద వేస్తే వాసనంతా ఆవిరైపోతుంది. తెల్లబారి చిక్కబడేదాకా గరిటె ఆపకుండా తిప్పి, గడ్డకట్టేలోపు చిన్న చిన్న డబ్బాల్లో పోసేది.

భర్త చేతులు కందలేదు. దోమలు తగ్గాయి, పోలేదు. అన్నం కూర ఉడికేంత సేపు పనిచేసి, తర్వాత మళ్లీ రాసుకోవాల్సిందే. డబ్బా అడిగిన ప్రతివాళ్లకూ ఆమె ఈ మాట దాచకుండా చెప్పేది. "ఇది మంత్రం కాదు. గంటగంటకీ రాసుకోండి. పిల్లలకి దోమతెర మాత్రం మానకండి."

వాళ్లది ఒకే గోడకు ఆనుకుని కట్టిన చిన్న చిన్న ఇళ్ల వరుస. ఇళ్ల వెనక పెద్ద మురుగు కాలువ. పొద్దు వాలేసరికి వీధి మొత్తం తలుపులు దడదడా మూసుకునేది. తాగే నీళ్లకు మునిసిపాలిటీ కుళాయి ఉంది. మిగతా అన్నింటికీ వీధి చివర, కాలువ గట్టు పక్కన చేతిపంపు. అత్తగారు రోజూ మధ్యాహ్నం ఆ పంపు దగ్గరికి వెళ్లి, తొట్టిలో నీళ్లు కొట్టించుకుని, మోకాళ్లదాకా కాళ్లు పెట్టుకుని కూర్చునేది. ఆ చల్లదనానికి నొప్పులు తగ్గుతాయని ఆవిడ నమ్మకం. వచ్చేపోయేవాళ్ల మంచీచెడూ అక్కడే తేల్చేసేది కూడా.

ఆ ఏడు వానలు గట్టిగా పడ్డాయి. కాలువ పొంగి గట్టెక్కింది, మళ్లీ తగ్గింది. ఎప్పుడూ ఆ తర్వాతే దోమలు రెట్టింపయ్యేవి. ఈసారి మాత్రం మైనమక్క తలుపు దగ్గర డబ్బాల కోసం జనం నిలబడ్డారు.

పక్కింట్లో బట్టలు కుట్టే ఆమె అందరికంటే ముందు వచ్చింది. "అక్కా, నీ చేతిలో ఏముందో గానీ, నిన్న పొద్దుగూకాక కూడా తలుపు తీసుకుని మిషను తొక్కాను. ఒక్క దోమ వాలితే ఒట్టు. మా పుట్టింటికి కూడా నాలుగు డబ్బాలు కావాలి."

మైనమక్కకు లోపల పొంగింది. తాళం పడిన గేటు ముందు నిలబడ్డ రోజు తర్వాత ఇంతమంది తనను వెతుక్కుంటూ రావడం ఇదే మొదలు. పొయ్యి చల్లారకుండా పనిచేసింది. సాయంత్రాలు తలుపులన్నీ బార్లా తెరుచుకున్నాయి. వీధిలో కుర్చీలు వెలిశాయి.

ఆ కుర్చీల్లో ఒకదాని మీద అత్తగారు చీర కాస్త పైకి దోపుకుని కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. నిమ్మగడ్డి వాసన పడక ఆవిడ ఆ క్రీము ఏనాడూ ఒంటికి తాకనివ్వలేదు. మైనమక్క డబ్బా తెచ్చి, "ఈ కాస్త రాయనివ్వండత్తయ్యా, దోమలు పీక్కుతింటాయి" అంది.

"నీ మందు నాకెందుకే? నన్ను ఏ దోమా ముట్టట్లేదు. ముసలి రక్తం వాటికీ రుచించట్లేదేమో."

మైనమక్క నవ్వబోయి ఆగింది. వంగి ఆవిడ పిక్కలు చూసింది. ఒక్క దద్దు లేదు.

మర్నాడు సాయంత్రం ఎడమ చేతికి క్రీము రాసుకుని, కుడి చెయ్యి అలాగే వదిలేసి, కాలువ గట్టు మీద కూర్చుంది. డబ్బా కొత్తగా చేసినప్పుడల్లా ఆమె ఇలాగే పరీక్ష చేసేది. ఏ చేతికి ఎన్ని కాట్లో లెక్కపెట్టడానికి ఎప్పుడూ పావుగంట కూడా పట్టేది కాదు. ఈసారి చీకటి పడేదాకా కూర్చుంది. ఎడమ చేతిని ఏదీ కుట్టలేదు. కుడి చేతినీ కుట్టలేదు. చెవి దగ్గర చిన్న రొద కూడా లేదు. కాలువలో కప్ప అరవలేదు. ఎదురుగా వీధి దీపం వెలిగింది. దాని చుట్టూ ఎప్పుడూ మూగే పురుగుల్లో ఒక్కటి కూడా రాలేదు.

ఇంటికొచ్చి ఆ కంటితోనే చూస్తే ఇల్లంతా కొత్తగా కనబడింది. వంటింట్లో పంచదార డబ్బా మూత తీసి ఉంది, ఒక్క చీమ పట్టలేదు. ట్యూబ్‌లైటు పక్కన కాపురముండే బల్లి ఎముకలు తేలి, గోడకు కాగితంలా అంటుకుని ఉంది. వేలితో తాకితే కదల్లేదు, రాలి కింద పడింది.

"దోమలు పోతే సంతోషించాలి గానీ దిగులేమిటి నీకు?" అన్నాడు భర్త అన్నం కలుపుకుంటూ.

"నా మందుకి పోలేదండీ. నా మందు చేతి మీద వాలకుండా చేస్తుంది, అంతే. చంపదు. ఇవి ఎక్కడికి పోయాయి మరి?"

మూల నుంచి అత్తగారి గొంతు వచ్చింది. "ఆ లైటు మార్చరా. గుడ్డిదీపంలా ఉంది, కంచం కనబడట్లేదు." లైటు ఎప్పటిలాగే వెలుగుతోంది. ఆవిడకు ఈమధ్య చెమటలు ఎక్కువగా పడుతున్నాయి. పొద్దున లేచేసరికి దిండు చొంగతో తడిసి ఉంటోంది. వయసు మీద పడుతోందని అందరూ అనుకున్నారు.

మైనం అయిపోయింది. ఎప్పుడూ తెచ్చిచ్చే తేనె బాబాయి రాలేదు. ఆయన్ను వెతుక్కుంటూ కాలువ వెంబడి ఎగువకు వెళ్లింది. గట్టు పక్క ఖాళీ స్థలంలో ఆయన తేనెపెట్టెల మధ్య గొంతుక్కూర్చుని ఉన్నాడు. పెట్టెల ముందు నేల నల్లగా ఉంది. దగ్గరికెళితే అది మట్టి కాదు, చచ్చిన తేనెటీగలు.

"మైనం లేదమ్మాయ్" అన్నాడాయన తలెత్తకుండా. "ఇక ఉండదు కూడా. కాలువలో నీళ్లు తాగొచ్చిన ఈగ వచ్చినట్టే గిరగిరా తిరిగి పడిపోయింది."

"ఎగువన ఏముంది బాబాయ్?"

"పాత గోదాం ఒకటి ఉంది. చాలాకాలంగా మూసేసి ఉండేది. వానలకు ముందు లారీలు తిరిగాయి."

ఇద్దరూ కలిసి నడిచారు. గోదాం వెనక గోడ వరద తాకిడికి పగిలి ఉంది. ఆ సందులోంచి లోపల పేర్చిన డ్రమ్ములు కనబడుతున్నాయి. అడుగున ఉన్నవి తుప్పు పట్టి, మీది బరువుకు నలిగిపోయాయి. గోడ కిందినుంచి పాలు కలిపినట్టు తెల్లటి నీళ్లు సన్నగా కాలువలోకి జారుతున్నాయి. వాసన వెల్లుల్లి కుళ్లినట్టుంది. మైనమక్క కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

గేటు దగ్గర కుర్చీలో వాచ్‌మన్ ఉన్నాడు. ముప్పై ఏళ్లు దాటని మనిషి, చొక్కా చెమటతో ఒంటికి అతుక్కుపోయి ఉంది.

"ఎవరివన్నా ఈ డ్రమ్ములు?"

"తెలీదక్కా. పురుగుల మందు, కాలం చెల్లిపోయిందట. కాపలా ఉండమన్నారు, ఉంటున్నాను." నోట్లో ఊరిన నీళ్లు ఉమ్మి తుడుచుకున్నాడు. "మీరు ఇద్దరా, ముగ్గురా? సరిగ్గా ఆనట్లేదు. మబ్బు పట్టిందా?"

మబ్బు లేదు. ఎండ నిటారుగా కాస్తోంది. మైనమక్క అతని కళ్లలోకి చూసింది. నల్లగుడ్డు మధ్య కంటిపాప ఆవగింజంత ముడుచుకుపోయి ఉంది. చెమట, చొంగ, కళ్లకు మసక. ఇంట్లో అత్తగారికీ ఇవే. "లేచి ఆసుపత్రికి పో అన్నా, ఇప్పుడే పో" అని, బాబాయిని అతనికి తోడు ఉంచి, ఇంటికి పరుగెత్తింది.

అత్తగారు పంపు దగ్గరే ఉంది. కాళ్లు తొట్టిలో ఉన్నాయి. తల పక్కకు వాలిపోయి ఉంది. పిక్కల్లో కండరాలు చర్మం కింద పురుగు పాకినట్టు అదురుతున్నాయి. మైనమక్క రెప్పలెత్తి చూసింది. అవే ఆవగింజలు.

ఆటోలో ఆవిడను ఒళ్లో పడుకోబెట్టుకుని తీసుకెళ్లింది. డాక్టరమ్మ కళ్లలో లైటు వేసి చూసిన క్షణంలోనే నర్సును కేకేసింది. తడి బట్టలు విప్పించి, ఒళ్లంతా సబ్బుతో కడిగించి, సూది వేయించాకే బయటికి వచ్చి మాట్లాడింది.

"పురుగుల మందు తాగారా ఈవిడ?"

"లేదండీ. నీళ్లలో కాళ్లు పెట్టుకున్నారు."

"రోజూనా?"

మైనమక్క తలూపింది. డాక్టరమ్మ చీటీ మీద అది రాసుకుంది. "ఆ నీళ్లు ఇంకెంతమంది వాడుతున్నారు?"

ఆ మాట పట్టుకుని మైనమక్క వీధికి తిరిగొచ్చింది. తలుపు తలుపూ తట్టింది. దోమల్ని పోగొట్టింది తన క్రీము కాదు, కాలువలో కలిసిన పురుగుల మందని, అదే పంపులోకీ ఊరుతోందని, ఆ నీళ్లు ముట్టుకోవద్దని చెప్పింది. జనం వింత చూసినట్టు చూశారు.

"అదేంటక్కా" అంది పక్కింటామె. "నీ క్రీము పనిచేయలేదని నువ్వే చెప్పుకుంటున్నావా? పెద్దావిడకి వయసైపోయింది. మాకెవరికీ ఏమీ కాలేదే."

"మీ చంటాడికి చెమటలు పట్టట్లేదూ?"

పక్కింటామె లోపల ఉయ్యాల వైపు తిరిగి చూసింది. తర్వాత తలుపు వేసుకుంది.

డ్యూటీ నుంచి వచ్చిన భర్తకు జరిగింది చెప్పింది. అతను చొక్కా కూడా మార్చుకోలేదు. రెంచీల సంచీ భుజాన వేసుకుని పంపు దగ్గరికెళ్లి, బోల్టులు విప్పి, పంపు చెయ్యి ఊడదీశాడు. వీధి వీధంతా అతని మీద పడింది. బిందెలు పట్టుకుని ఆడవాళ్లు, కాలరు పట్టుకోవడానికి మగవాళ్లు. "నీ ఇంటి సొత్తా?" అన్నారు. అతను ఆ ఇనప చెయ్యి చంకలో పెట్టుకుని గోడకు వీపు ఆనించి నిలబడ్డాడు. చొక్కా చిరిగింది, పెదవి చిట్లింది, పంపు చెయ్యి మాత్రం వదల్లేదు. పక్కింటామె చంటివాణ్ణి ఎత్తుకుని గుంపును తోసుకుంటూ ఆటో కోసం రోడ్డు మీదికి పరుగెత్తడం అప్పుడే అందరూ చూశారు. ఆ తర్వాత ఎవరూ అరవలేదు.

పిల్లవాడు బతికాడు. అత్తగారూ బతికింది, చేతులు వణుకుతూ, సగమైపోయి ఇంటికొచ్చింది. కంచంలో ఏం పెడితే అది తినేది. ఎవరినీ ఒక్క మాట అనేది కాదు. ఆవిడ నోరు మూతపడటం మైనమక్కకు అన్నింటికంటే భయంగా ఉండేది.

ఆసుపత్రివాళ్లు రాసి పంపాక మునిసిపాలిటీ వాళ్లు ముక్కులకు గుడ్డలు కట్టుకుని వచ్చారు. పంపు పీకేసి, గొట్టం మూసుకుపోయేలా సిమెంటు పోశారు. గోదాం ఖాళీ చేయిస్తామన్నారు. మైనమక్క వాచ్‌మన్ ఎలా ఉన్నాడో చూద్దామని వెళితే అదే కుర్చీలో వేరే కుర్రాడు కూర్చుని ఉన్నాడు.

"పాతతను ఏడి?"

"ఊరెళ్లిపోయాడట" అన్నాడు ఆ కుర్రాడు, నుదుటి చెమట తుడుచుకుంటూ.

ఆసుపత్రిలో దింపిన రోజు అతను నడిచే లోపలికెళ్లాడని, మర్నాడు తాను వెళ్లేసరికి మంచం ఖాళీగా ఉందని తేనె బాబాయి చెప్పాడు. అడిగితే ఎవరూ ఏమీ చెప్పలేదట. ఏ ఊరో ఎవరికీ తెలియదు.

డ్రమ్ములు ఎక్కించుకున్న లారీ ఒక మధ్యాహ్నం వాళ్ల వీధిలోంచే వచ్చింది. తాళ్లు వదులుగా కట్టారు. మలుపు దగ్గర నెమ్మదించినప్పుడు మైనమక్క ఎదురెళ్లింది.

"ఎక్కడికి బాబూ?"

"మాకు చెప్పరమ్మా. ముందు కారు వెళుతోంది, దాని వెనకాలే పోతాం" అన్నాడు డ్రైవరు.

లారీ పెద్ద రోడ్డు వైపు తిరగలేదు. కాలువ దిగువకు, ఇళ్లు ఇంకా దగ్గరదగ్గరగా ఉండే వైపు తిరిగింది. మైనమక్క కేక వేసింది. డ్రైవరు కిటికీలోంచి చెయ్యి ఊపి, వెళ్లిపోయాడు. లారీ వెళ్లిన దారంతా వీధి మధ్య సన్నటి తడి గీత, కుళ్లిన వెల్లుల్లి వాసన మిగిలాయి.

భర్తకు ఫోన్ చేసి, లారీ ఎటు తిరిగిందో మునిసిపాలిటీకి వెళ్లి చెప్పమంది. బడి వదిలే వేళయింది. పిల్లలు చెప్పులు చేతిలో పట్టుకుని ఆ దారినే పరుగెత్తుకొస్తారు. పక్కింటామె బయటికొచ్చి చూసి, ఏమీ అడగకుండా లోపలికెళ్లి తట్ట తెచ్చింది. ఎదురుగా ఎవరో ఇల్లు కట్టుకోవడానికి పోసుకున్న ఇసుక ఉంది. ఇద్దరూ ముక్కులకు కొంగులు బిగించి, ఒకళ్లు ఎత్తుతుంటే ఒకళ్లు పోస్తూ, ఆ తడి మీద ఇసుక కప్పుకుంటూ వెళ్లారు. మలుపు దగ్గరికొచ్చేసరికి తట్ట ఖాళీ అయింది. గీత ఇంకా ముందుకు పోతూనే ఉంది.