జట్టుకు తెలియని కెప్టెన్

నేను ఒక హాకీ జట్టుకు వేసవిలో కొన్నాళ్ళు కెప్టెన్‌గా పనిచేశాను. ఆ సంగతి జట్టుకు తెలియదు. అప్పుడే నవ్వకండి, ముందు ముందు మీకు నవ్వు మిగలదు. నా మూలంగా అరసవల్లి రోడ్డు మీద షామియానా లేచింది, మా మావ పరువు కూలింది, ఏ పాపమూ ఎరగని ఒక పెద్దాయన మెడలో ఇంత లావు చామంతి దండ పడింది. ఇదంతా ఎలా జరిగిందో చెబుతాను. మధ్యలో నన్ను తిట్టుకోవాలనిపిస్తే మొహమాటపడకండి. మా అత్త ఇప్పటికీ తిడుతూనే ఉంది.

ముందు నా గొప్పతనం వినండి. విశాఖలో ఉన్న ఒక ప్రొఫెషనల్ హాకీ జట్టులో నేను రెండో గోల్‌కీపర్ని. మొదటి గోల్‌కీపర్‌కి దెబ్బ తగిలితేనో జ్వరం వస్తేనో నేను దిగాలి. ఆ మహానుభావుడు సీజన్ మొత్తంలో తుమ్మనైనా తుమ్మలేదు. నేను మాత్రం ప్రతి మ్యాచ్‌కీ కాళ్ళకు ప్యాడ్లు కట్టుకుని, ఛాతీకి కవచం బిగించుకుని, పెళ్ళికొడుకులా ముస్తాబై బెంచీ మీద కూర్చునేవాణ్ణి. సీజన్ అయ్యేసరికి అందరి సామాన్లూ చిరిగి, మాసిపోయాయి. నావి మాత్రం కొట్లోంచి తెచ్చినట్టే మెరుస్తున్నాయి.

అసలు గోల్‌కీపర్ అంటేనే ఒంటరి ఉద్యోగం. బంతి అవతలి కొసన ఉన్నంతసేపూ వాడితో మాట్లాడే దిక్కుండదు. రెండో గోల్‌కీపర్ దగ్గరకి ఆ బంతి కూడా రాదు. బస్సులో అందరూ జంటలు జంటలుగా కూర్చుని పేకాడుకుంటుంటే, నేను చిట్టచివరి సీట్లో నా కిట్ బ్యాగు పక్కన కూర్చునేవాణ్ణి. బ్యాగు మనిషంత ఉంటుంది. కిటికీ సీటు దానికే ఇచ్చేవాణ్ణి.

ఆ ఏడు మా జట్టు అందరికంటే ఆఖరున నిలిచింది. యజమానులు కోచ్‌ను తీసేశారు. "కొత్త కోచ్ ఒడిశా నుంచి వస్తారు. జట్టును మారుస్తారు. ఎవరిని ఉంచుకునేదీ తర్వాత చెబుతాం" అని మేనేజరు అందరినీ ఇళ్ళకు పంపేశాడు. నేను అరసవల్లి వచ్చేశాను. నన్ను పెంచింది మా తవిటయ్య మావా, అత్తా. మావకు గుడికి వెళ్ళే దారిలో ఫ్లెక్సీలు ప్రింటు చేసే షాపు ఉంది. షాపు మీద గది నాది.

మావ ముందుచూపు ఉన్న మనిషి. శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు బడిలో నాకు ఆటల మాస్టారు ఉద్యోగం మాట్లాడి వచ్చాడు.

"ఒరే అల్లుడూ, బడి తెరిసీలోపల మాట సెప్పమన్నారు. ఏటంతావు?"

"జట్టోళ్ళు కబురు సేస్తారు మావా. ఆగు."

"సెయ్యకపోతే?"

"సేస్తారు మావా."

ఆ కబురు రాలేదు. ఎండలు ముదిరాయి. నాతో చదువుకున్నవాళ్ళందరూ ఊళ్ళు పట్టి పోయారు. పొద్దున్నే ప్యాడ్లు కట్టుకుని షాపు వెనక గోడ ముందు నిలబడేవాణ్ణి. గోల్‌కీపర్ ఒక్కడే ప్రాక్టీసు చెయ్యలేడు కదా, ఎవరో ఒకరు బంతి కొట్టాలి. కొట్టేవాడు లేక, నేనే గోడకేసి కొట్టి, నేనే ఆపి, "భలే ఆపావురా" అని నేనే మెచ్చుకునేవాణ్ణి. మేడ మీద బట్టలు ఆరేస్తున్న అత్త తొంగి చూసి, "ఈడికి ఎండదెబ్బ గాని తగిలినాదేటి?" అని మావను అడిగేది. దెబ్బ కాదు, భయం. నేనొకణ్ణి ఉన్నానన్న సంగతే అందరూ మరిచిపోయారేమోనని భయం.

ఫోన్‌లో మా జట్టు గ్రూపు ఉండేది. అప్పట్లో అందులోంచి ఎవరు వెళ్ళిపోయినా మిగతావాళ్ళందరికీ కనిపించేది. నేను రోజంతా అదే చూస్తూ కూర్చునేవాణ్ణి. పాత కోచ్ వెళ్ళాడు. ఫిజియో వెళ్ళాడు. సెంటర్ ఫార్వర్డ్‌ను తీసేశారని పొద్దున పేపర్లో వస్తే, మధ్యాహ్నానికి అతనూ వెళ్ళాడు. మొదటి గోల్‌కీపర్ వెళ్ళిన రోజున మాత్రం, దేవుడు నన్ను క్షమించాలి, పావుకిలో జిలేబీ తెచ్చుకుని తిన్నాను. నా తెలివి చూడండి: వెళ్ళేవాళ్ళంతా తీసేసినవాళ్ళు, నేను వెళ్ళలేదు, కాబట్టి నన్ను ఉంచుకున్నారు!

ఒక మధ్యాహ్నం కెప్టెన్ కూడా వెళ్ళిపోయాడు. ఆ వెంటనే నా ఫోన్‌లో ఒక ముక్క వచ్చింది. 'ఇప్పుడు మీరు అడ్మిన్.'

ఇక్కడ ఒక సంగతి చెప్పకపోతే మీరు నన్ను మరీ వెర్రివాడి కింద కట్టేస్తారు. మా గ్రూపులో అడ్మిన్లు ఇద్దరే ఉండేవారు, కోచ్, కెప్టెన్. సీజన్ మధ్యలో ఒకసారి కెప్టెన్‌ను మార్చినప్పుడు ఎవరూ నోటితో చెప్పలేదు. పాతాయన అడ్మిన్‌గిరీ పోయింది, కొత్తాయనకు వచ్చింది, మేమందరం ఆయనకు అభినందనలు చెప్పాం. అది మా జట్టు పద్ధతి. ఇప్పుడు చెప్పండి, నేనేం అనుకోవాలి? మెట్లు దిగడానికి ఓపిక లేక సగం మెట్ల మీంచే కేకేశాను.

"మావా! నన్ను కెప్టెన్ సేసీసినారు!"

"ఎవులు సెప్పినారు?"

"ఫోన్లో వచ్చినాది."

"ఒక్క మేచ్ ఆడనోడివి, కెప్టెనేటిరా?"

"కొత్త కోచ్ మావా. పాతోళ్ళకి కనబడనిది ఆయనకి కనబడినాది."

మావ కాసేపు నన్ను ఎగాదిగా చూశాడు. తర్వాత కళ్ళు తుడుచుకున్నాడు. "మరి బడోల్లకి ఏటి సెప్పమంతావు?"

"కెప్టెన్ పోయి బడిలో ఈల ఊదుతాడేటి మావా? నవ్వుతారు."

మావ నా ఎదురుగానే ఫోన్ చేసి, మావాడు రాడు, వేరే వాళ్ళను చూసుకోండని చెప్పేశాడు.

గ్రూపులో నేను కాక ఇంకొక్క నంబరే మిగిలింది. పేరు లేదు. ఫొటో ఉండాల్సిన చోట సూర్యుడి బొమ్మ ఉంది. నా బుర్ర పరుగు తీసింది: సూర్యుడంటే కోణార్క్, కోణార్క్ అంటే ఒడిశా, ఒడిశా అంటే కొత్త కోచ్! కిటికీ తెరిస్తే సూర్యనారాయణ స్వామి గుడి కనబడే ఇంట్లో కూర్చుని, సూర్యుడి కోసం నేను ఒడిశా దాకా వెళ్ళాను.

మర్నాటి నుంచి కెప్టెన్ విధులు మొదలుపెట్టాను. పొద్దున్నే ఇంగ్లీషులో 'గుడ్ మార్నింగ్ టీమ్. బీ రెడీ. ఎనీ టైమ్ కాల్ విల్ కమ్' అని పెట్టేవాణ్ణి. నిమిషం తిరక్కుండా అవతలి నుంచి 'ఓకే సర్' అని వచ్చేది, పక్కన ఒక నమస్కారం. కోచ్ నన్ను 'సర్' అంటున్నాడు! ఎంత పెద్దవాడో అంత వినయం అని పొంగిపోయాను. ఫోన్ చేసి మాట్లాడే ధైర్యం మాత్రం లేదు. అంతటివాడికి నేనేం చెబుతాను? అయినా ఆ 'ఓకే సర్' కోసం పెందలాడే లేవడం అలవాటైంది. పొద్దున్నే నేను ఒక మాట అంటే తిరిగి ఒక మాట అనే మనిషి నాకు చాలాకాలం తర్వాత దొరికాడు.

మావ ఊరుకుంటాడా? సన్మానం అన్నాడు. ఆదివారం పెట్టాడు, ఆ రోజైతే గుడికి జనం వస్తారని. షాపు ముందు షామియానా, కుర్చీలు, మైకు. ఫ్లెక్సీకి నా ఫొటో కావాలంటే హెల్మెట్ పెట్టుకుని దిగింది ఇచ్చాను. ఫోన్‌లో నా నంబరు పక్కన పెట్టుకున్నదీ అదే. అందులో ఇనప చువ్వలు తప్ప నా మొహం కనబడదు.

"ఇది నువ్వేనని జనానికి ఎలాగ తెలుస్తాదిరా?"

"కింద పేరుంటాది గదా మావా."

"మరి కోచ్ గోరి బొమ్మ?"

ఉన్నది సూర్యుడే. దాన్నే పెద్దది చేసి నా పక్కన వేశాడు. ఆదివారం గుడికి వచ్చినవాళ్ళు మా ఫ్లెక్సీ ముందు చెప్పులు విడిచి దండం పెట్టుకున్నారు. ఒకావిడ కొబ్బరికాయ కొట్టబోతుంటే అత్త పరుగెత్తుకెళ్ళి ఆపింది.

అంతకు ముందే గ్రూపులో పెట్టాను: 'సర్, సండే మార్నింగ్, అరసవల్లి. యువర్ ప్రెజెన్స్ ఈజ్ మస్ట్.' దారి కూడా రాశాను. 'ఓకే సర్' అని వచ్చింది. నమస్కారాలు ఈసారి వరస కట్టాయి.

ఆదివారం పొద్దున షామియానా ముందు ఒక ఆటో ఆగింది. అందులోంచి ఖాకీ బట్టలు వేసుకున్న ఒక పెద్దాయన దిగాడు. చొక్కా ఇస్త్రీ మడతలు చెదరలేదు. చేతిలో బట్టల సంచి. ఖాకీ చూసి మావ పోలీసులనుకుని మైకు ఆపించాడు. నేను ఎక్కడో చూసిన మొహమే. ఆయన చుట్టూ చూసి నా దగ్గరకొచ్చాడు.

"బాబూ, బస్సెక్కడున్నాది?"

అప్పుడు వెలిగింది. పైడిరాజు గారు. మా జట్టు బస్సు డ్రైవరు. సీజన్ అంతా ఆయన బస్సుకు ముందు కొసన, నేను వెనక కొసన. ఒక్కనాడూ మాట్లాడుకోలేదు.

"ఏ బస్సండీ?"

"టీం బస్సు. కెప్టెన్ గోరు రమ్మన్నారు గదా, డూటీకి. ఆ కెప్టెన్ గోరేరీ?"

ఫ్లెక్సీ వైపు వేలు చూపించాను. ఆయన హెల్మెట్‌ను చూసి, పక్కన సూర్యుణ్ణి చూసి, కింద పేరు కూడబలుక్కుని నా వైపు తిరిగాడు.

"నువ్వు ఎనక సీటు బాబువి గదా? బేగు పక్కన కూకునీవోడివి?"

"అవునండీ. మీరు మా కోచ్ గారు అనుకున్నాను."

"కోచ్‌నా? బస్సు టయిములు సెప్పడానికని నన్ను ఆ గ్రూపులో ఎట్టినారు బాబూ. ఎలాగ ఎల్లాలో తెలీక ఉండిపోనాను."

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. సంచి ఒళ్ళో పెట్టుకుని మెల్లగా చెప్పుకొచ్చాడు. "కొత్తోల్లు కొత్త గ్రూపు ఎట్టుకున్నారంట. బస్సు కొత్తదంట, డ్రైవరూ కొత్తోడంట. ఎవులో సెప్పినారు. నాను నమ్మనేదు. రోజూ పొద్దున్నే కెప్టెన్ గోరి గుడ్ మార్నింగ్ వస్తన్నాది గదా, మనల్ని ఎందుకు ఒగ్గీస్తారు అనుకున్నాను. శ్రీముఖలింగం కాడ మా ఊరికి బడి బస్సు వచ్చినాది, నడపమన్నారు. రానని సెప్పీసినాను. నువ్వు రెడీగుండమన్నావు గదా."

ఆయన నన్ను నమ్ముకుని కూర్చున్నాడు, నేను ఆయన్ను నమ్ముకుని కూర్చున్నాను. మా ఇద్దరికీ పైన ఎవరూ లేరు. అంత సిగ్గు, అంత దుఃఖం ఒక్కసారే కలిగి, ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

మావ దండ పట్టుకుని వచ్చాడు. "ఏటైనాదిరా?"

"మావా, నాను కెప్టెన్ని కాదు."

"మరేటి?"

"అడ్మిన్ని."

"అంటే ఏటి?"

"అందరూ ఎలిపోతే మిగిలిపోయినోడు."

మావ ఫ్లెక్సీ చూశాడు, జనాన్ని చూశాడు, చేతిలో దండ చూశాడు. "తెచ్చిన దండ ఎవులికో ఒకలికి ఎయ్యాల గదా" అని తీసుకెళ్ళి పైడిరాజు గారి మెడలో వేసేశాడు. జనం చప్పట్లు కొట్టారు. మైకు ఇస్తే ఆయన లేచి, "నాను బస్సు డ్రైవర్ని. ఈ బాబు మంచోడు. పొద్దున్నే అందర్నీ పలకరిస్తాడు" అని చెప్పి కూర్చున్నాడు. నా గురించి లోకంలో ఎవరైనా చేసిన ఉపన్యాసం అదొక్కటే.

సన్మానం ఉప్మా ఇద్దరం పక్కపక్కన కూర్చుని తిన్నాం. తర్వాత ఆయన్ను బస్సెక్కించడానికి శ్రీకాకుళం వెళ్ళాను. బడి బస్సు ఉద్యోగం పోగొట్టినందుకు క్షమించమన్నాను. ఆయన వినిపించుకోలేదు. ఇంకేదో అడగాలని మొహమాటపడుతున్నాడు. బస్సు కదిలే ముందు కిటికీలోంచి అడిగేశాడు.

"బాబూ, రేపటి నుంచి గుడ్ మార్నింగ్ మానేస్తావేటి?"

"ఇంకెందుకండీ అది?"

"ఏం నేదు. పొద్దున్నే లెగిసి సూస్తే, ఎవులో ఒకలు మనల్ని తలిసినట్టుండీది."

ఆయనకు తర్వాత మరో బడి బస్సు దొరికింది. నాకు మరుసటి ఏడు మరో బడిలో ఈల దొరికింది. ఆ సాయంత్రం మాత్రం అరసవల్లి తిరిగొచ్చి, మావ ఫ్లెక్సీ విప్పుతుంటే నిచ్చెన పట్టుకుని నిలబడి, సాక్షాత్తూ సూర్యనారాయణ మూర్తి ఎదుట శపథం చేశాను. ఈ జన్మలో మరే గ్రూపుకూ అడ్మిన్ పదవి స్వీకరించను. కాళ్ళావేళ్ళా పడినా స్వీకరించను. దానంతట అదే వచ్చి నెత్తిన పడినా మావకు చెప్పను.

ఉన్న ఆ ఒక్క పదవికి మాత్రం ఇంతవరకూ రాజీనామా చెయ్యలేదు. నేను బయటికి వెళ్ళిపోతే పైడిరాజు గారు అడ్మిన్ అయిపోతారు.