మొహమాటానికి కోడ్ లేదు

మా వైపు ఎవరైనా పని చెబితే, వద్దనడానికి 'చూద్దాం' అంటాం. గట్టిగా వద్దనాలంటే 'తప్పకుండా చూద్దాం' అంటాం. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రపు ఉత్తరపు కొసన, చక్కెర దుంపల పొలాల మధ్య పుట్టి, అక్కడే అరవై ఏళ్లు దాటినదాన్ని. ఇంతకంటే కటువైన మాట నా నోట వచ్చిన గుర్తు లేదు. అలాంటి నన్ను, ఆర్డిస్ టోలెఫ్సన్‌ని, ఏరికోరి పట్టుకుని, 'ఇకమీదట అందరూ విషయాన్ని ఉన్నదున్నట్టు, కచ్చితంగా చెప్పాలి' అని పదిమందికీ నేర్పమన్నారు. ఈత రానిదాన్ని నీళ్లలోకి తోసి, ఒడ్డున ఉన్నవాళ్లకు ఈత నేర్పమన్నట్టుంది.

ఇది 2015 సంగతి. మూడేళ్లలోపు పిల్లల్లో కూర్చోవడం, నడవడం, మాట్లాడటం ఆలస్యమైనవాళ్ల ఇళ్లకు వెళ్లి, ఆటలాడిస్తూ నేర్పే ఆఫీసు మాది. నేర్పేవాళ్లు వేరే. నేను బల్ల దగ్గర కూర్చుని ఫోన్లు, తేదీలు, బీమా వాళ్ల కీచులాటలు చూసేదాన్ని. బీమా వాళ్లకు పిల్ల జబ్బు మాటల్లో చెబితే ఎక్కదు, ఒక్కో జబ్బుకు ఒక్కో అంకెల గుర్తు, అంటే కోడ్, కావాలి. ఆ అక్టోబరు ఒకటి నుంచి దేశమంతటా పాత కోడ్‌లు చెల్లవు, కొత్త పుస్తకమే దిక్కు అన్నారు. మా ఆఫీసును దానికి సిద్ధం చేసే బాధ్యత ఎవరిదో తేల్చే మీటింగులో, నేను పొయ్యిలోంచి గుమ్మడి కేకు తీయడానికి లేచి వెళ్లాను. గదిలో లేనివాళ్ల నెత్తిన పని రుద్దడం మా వైపు ఆచారం. తిరిగొచ్చేసరికి అందరూ నన్ను చూసి తియ్యగా నవ్వుతున్నారు.

"ఆర్డిస్ గారూ, ఇది మీరు చూసుకుంటారుగా?" అంది మా డైరెక్టర్ టెస్. షికాగో నుంచి వచ్చి ఏడాదైంది, పాపం.

"తప్పకుండా చూద్దాం" అన్నాను. నా లెక్కలో అది కుండబద్దలు కొట్టి కాదనడమే. ఆవిడ చప్పట్లు కొట్టింది.

కొత్త పుస్తకం దిండంత ఎత్తుంది. పాత పుస్తకంలో లేని వింతలన్నీ అందులో ఉన్నాయి. బాతు కొట్టి వైద్యానికొస్తే ఒక కోడ్. ఆ బాతు దెబ్బే మళ్లీ చూపించుకోవడానికొస్తే ఇంకో కోడ్. పిల్లలకు నడక నేర్పే మా కార్లిస్ ఆ పేజీ చూసి పడీపడీ నవ్వింది. నాకు చిన్ననాటి నుంచి స్నేహితురాలు, నోటికి తాళం లేని మనిషి. మా వైపు ఎలా పుట్టిందో తెలియదు.

"బాతు నయమే ఆర్డిస్! కోపమొస్తే కొడుతుంది. మనవాళ్లలా కేకు చేసి పట్టుకుపోదు" అంది.

పాత కోడ్‌లలో మాకు ముద్దులదొకటి ఉండేది. 'ఎదుగుదలలో ఆలస్యం, కారణం ఫలానా అని చెప్పలేదు.' మా దగ్గరున్న పిల్లల్లో సగానికి పైగా దాని కిందే ఉండేవాళ్లు. ఎవరి మనసూ నొచ్చుకోదు, ఏ తల్లీ ఉలిక్కిపడదు. అది కోడ్ కాదు, అచ్చంగా మా ఊరి స్వభావం. కొత్త పుస్తకంలోనూ దానికో చెల్లెలు ఉంది గానీ, దాన్ని ఒప్పుకునేది లేదని బీమా వాళ్లు ముందే కబురు పెట్టారు. జబ్బుంటే పేరు చెప్పండి, పేరు తెలియకపోతే డాక్టరుకు చూపించి తెలుసుకోండి అన్నారు.

సరే, ఒప్పుకున్నాక తప్పుతుందా! రంగు అట్టముక్కల మీద కోడ్‌లు రాశాను. చర్చి కింది హాల్లో అందరినీ కూర్చోబెట్టి, కాఫీ పోసి, కేకు పెట్టి ఉపన్యాసం దంచాను. "డొంకతిరుగుడు వద్దు! నీళ్లు నమలొద్దు! ఉన్నమాట ఉన్నట్టు చెప్పండి!" అన్నాను. ఎంత బాగా మాట్లాడానంటే, నా మాటలకు నాకే ముచ్చటేసింది. చివరికి పళ్లెంలో ఒక్క ముక్క మిగిలింది. ఆఖరి ముక్క తీసుకోవడం మా వైపు దొంగతనంతో సమానం. ఒకరొచ్చి సగం కోసుకున్నారు, ఇంకొకరు ఆ సగంలో సగం. గోరంత మిగిలేదాకా అందరూ కోశారు గానీ, పళ్లెం ఖాళీ చేసిన పాపం ఎవరూ మూటగట్టుకోలేదు. ఆ గోరంత ముక్కను వంటగదిలో, ఎవరూ చూడకుండా నిలబడి తిన్నది నేనే. ఉన్నమాట ఉన్నట్టు చెప్పమని ఉపన్యసించిన మహాతల్లిని!

వేసవి అంతా ఒక్కొక్క పిల్లకూ కొత్త కోడ్ కుదురుస్తూ వచ్చాను. ఎటూ తేలనిది సోల్వేగ్ బ్రెక్కె ఒక్కతే. రెండున్నరేళ్ల పిల్ల. ఎడమకాలు ఈడుస్తుంది, ఎడమచెయ్యి గుప్పిట విప్పదు. నవ్విందంటే మాత్రం ఇల్లంతా వెలుగే. మా కాయితాల్లో ఆ పిల్లకున్నది కూడా 'ఆలస్యమే'. మునివేళ్ల మీద పోతున్న ఆ పాదం నేలకు ఆనాలంటే పట్టీబూటు వెయ్యాలని కార్లిస్ రెండుసార్లు అడిగింది. ఆలస్యానికి బూటెందుకని బీమా వాళ్లు రెండుసార్లూ తిప్పికొట్టారు. జనవరిలో పిల్లకు మూడేళ్లు నిండితే మా దగ్గర గడువు తీరిపోతుంది. ఆలోగా ఏ పట్టూ లేకుండా నాలుగడుగులు వేయించాలని కార్లిస్ పంతం.

"ఆ పిల్లకున్నదేమిటో నీకూ తెలుసు, నాకూ తెలుసు. పేరు పెట్టాల్సింది ఫార్గో పట్నంలో నరాల డాక్టరు. తీసుకెళ్లమని జనెల్‌కి సూటిగా చెప్పు. నేను రెండుసార్లు చెబితే మాట మార్చేసింది. నువ్వంటే గౌరవం, వింటుంది" అంది కార్లిస్.

జనెల్ ఆ పిల్ల తల్లి. సండే స్కూల్లో నా దగ్గర పాటలు నేర్చుకున్న పిల్లే. కేకు పట్టుకుని వెళ్లాను. వానల గురించి మాట్లాడాను, దుంపల గురించి మాట్లాడాను, మా ఆయన మోకాలి గురించి మాట్లాడాను. అసలు సంగతి గుమ్మం దగ్గర, తలుపు పిడి మీద చెయ్యేశాక చెప్పడం మా పద్ధతి.

"ఫార్గోలో పిల్లల డాక్టరొకాయన ఉన్నాడట జనెల్, మంచివాడేనట. అటెప్పుడైనా వెళితే ఓసారి చూపిస్తే బాగుంటుందేమో. భయపడేదేం లేదమ్మా, ఊరికే కాయితాల కోసం."

"అలాగా. మంచిదే. చూద్దాంలెండి" అంది జనెల్.

ఇంకెవరైనా అయితే పొరబడ్డారనుకోవచ్చు. 'చూద్దాం' అన్న మాటతోనే పీకల్లోతు ఇరుక్కున్న నేను, ఆ మాట విని హాయిగా ఇంటికొచ్చి, పని అయిపోయిందనుకున్నాను! అక్కడితో ఆగానా? సెప్టెంబరు ఆఖరి వారంలో ఫార్గోలో తేదీ కూడా తీసుకుని, జనెల్ ఫోనులో కబురు వదిలాను. అక్టోబరు ఒకటినే దుంపల కోత మొదలవుతుంది. ఆ ముందు వారం మా వైపు లారీలు, యంత్రాలు బాగుచేసుకుంటూ ఎవరికీ ఊపిరాడదు. ప్రాణం పోయేవాళ్లు కూడా కోత అయ్యాక పోదాంలే అని ఆగుతారు. ఈ సంగతి నాకు చెప్పాల్సింది ఎవరు? దుంపల మధ్య పుట్టిన నాకు!

అక్టోబరు ఒకటి వచ్చింది. టెస్ ఆఫీసంతా రబ్బరు బాతులు పెట్టింది. కంప్యూటరు తెరిస్తే పిల్లల పేర్లన్నీ వరసగా పచ్చగా వెలిగాయి. గర్వంతో కుర్చీలో ఒక చుట్టు తిరిగాను. రెండో చుట్టులో ఎర్రగా ఒక పేరు కనిపించింది. సోల్వేగ్. కోడ్ చెల్లదు, ఇక ఇంటికెళ్లి నేర్పడానికి అనుమతి లేదు.

కార్లిస్ భుజాన బొమ్మల సంచితో నిలబడి ఉంది, ఆ ఇంటికే బయల్దేరుతూ.

"ఫార్గో వెళ్లలేదా వాళ్లు?"

"వెళతానన్నట్టే అందే..."

"అన్నట్టేనా? నువ్వేమన్నావ్, అది చెప్పు."

చెప్పాను. కార్లిస్ సంచి నేలకేసి కొట్టింది. లోపల గిలక్కాయ గలగలమంది. "భయపడేదేం లేదన్నావా? కాయితాల కోసమన్నావా? మొహమాటానికి పోతే కడుపొచ్చిందట వెనకటికొకత్తెకి! నీ మొహమాటం ఆ పసిదాని కాలికి చుట్టుకుందే!"

ఏడుపొచ్చింది. అంతకంటే ముందు జనెల్ మీద కోపమొచ్చింది, అదీ నా ఘనత. కారెక్కాక గానీ ఆ కోపం ఎవరి మీదికి పోవాలో తెలియలేదు. దారిలో ఇంటి దగ్గర ఆగి, అలవాటు చొప్పున గుమ్మడి కేకు పళ్లెం కూడా పట్టుకునే బయల్దేరాను. కేకు లేకుండా చెడ్డ కబురు ఎలా చెప్పాలో నాకు ఎవరూ నేర్పలేదు.

కోత రోజుల్లో జనెల్ దుంపల యార్డులో లారీలకు దారి చూపించే పని చేస్తుంది. మొగుడు డారిన్ లారీ తోలుతాడు. పిల్ల నాయనమ్మ దగ్గర ఉంటుంది. యార్డంతా బురద. కొండలా పోసిన దుంపలు, వరసకట్టిన లారీలు, చెవులు పగిలే మోత. నారింజరంగు చొక్కా, నెత్తిన గట్టి టోపీ పెట్టుకుని చేతులూపుతున్న జనెల్ దూరంగా కనిపించింది. ఆఫీసు చెప్పుల్తో, చేతిలో పళ్లెంతో, ప్రార్థనకు వెళుతున్నట్టు బురదలోకి అడుగుపెట్టాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు గానీ, నాకు కడగాల్సింది కాలొక్కటే అయితే బాగుండేది. వెల్లకిలా పడ్డాను. పళ్లెం ఎగిరి లారీ చక్రం ముందు పడింది. ఆ లారీవాడు మర్యాదస్తుడు, టోపీ తీసి నమస్కారం పెట్టి మరీ కేకు మీదనుంచి పోనిచ్చాడు.

జనెల్ పరుగెత్తుకొచ్చి నన్ను లేవదీసింది. "దెబ్బ తగిలిందా? ఏంటిది, ఇక్కడికెందుకొచ్చారు?"

"ఏం లేదమ్మా, ఊరికే, ఎలా ఉన్నారో చూసిపోదామని" అన్నాను. నడుం దాకా బురద. అప్పుడు కూడా అదే మాట!

జనెల్ నా మొహంలోకి చూసింది. చేతి తొడుగులు ఊడదీసింది. "ఆర్డిస్ గారూ, పదిమైళ్లు ఊరికే ఎవరూ రారు. సోల్వేగ్ గురించేగా? నా పిల్లకి ఏముందో చెప్పండి."

నా నోరు తెరుచుకుంది. అందులోంచి ఏమొచ్చిందో వినండి. "అదీ, చూడమ్మా, ఒక్కో డాక్టరు ఒక్కోలా అంటాడు, పిల్లలన్నాక ఒకరు ముందూ ఒకరు వెనకా..."

"చెప్పండి" అంది.

"నేను డాక్టర్ని కాను జనెల్. వాళ్లు చూసి చెప్పాల్సిందే. కానీ అది సెరిబ్రల్ పాల్సీ అని నేననుకుంటున్నాను. ఎడమవైపు." నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "ఇవాళ్టి నుంచి కార్లిస్ రావడానికి లేదు. పేరు తెలిస్తేనే రానిస్తారు. పేరుంటేనే ఆ బూటూ ఇస్తారు."

జనెల్ కూలబడుతుందేమోనని చెయ్యి చాపాను. కూలబడలేదు.

"నాకు తెలుసు" అంది. "మార్చిలోనే వెతికి చదువుకున్నాను. డారిన్‌కి కూడా చెప్పలేదు. మీలో ఎవరో ఒకరు అంటారని చూశాను. కార్లిస్ ఫార్గో అన్నప్పుడల్లా గుండె ఆగిపోయేది, మాట మార్చేసేదాన్ని. అంతలో మీరొచ్చారు. కేకు తెచ్చారు, మోకాలి నొప్పి గురించి చెప్పారు, నవ్వారు. భయపడేదేం లేదన్నారు. మీరు అబద్ధం చెప్పరుగా! నేను చదివింది తప్పేనేమో, నా పిల్లకేం లేదేమో అనుకున్నాను. ఆ రాత్రి ఎంత హాయిగా నిద్రపోయానో తెలుసా?"

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. మనసు నొప్పించకూడదని నేను చేసిందంతా, ఆ తల్లికి లేని ఆశ పెట్టడమే అయింది. "క్షమించమ్మా" అన్నాను. ఆ ఒక్క మాటకు ముందూ వెనకా ఏమీ తగిలించలేదు.

ఆమె ఏడ్చింది. నేనూ ఏడ్చాను. వెనక లారీలు హారన్ కొట్టలేదు. మా వైపు కొట్టరు, ఎంతసేపైనా అలా చూస్తూ కూర్చుంటారు.

మర్నాడు ఎండ ముదిరి, వేడికి దుంపలు కుళ్లిపోతాయని కోత ఆపేశారు. డారిన్ లారీ దిగి, స్నానం కూడా చెయ్యకుండా జనెల్‌నీ పిల్లనూ తీసుకుని బయల్దేరాడు. ఎలాగోలా ఆ పూటకే చూడమని ఫార్గోకు ఫోన్ చేసి బతిమాలింది నేనే. ఒక్క 'అయితే బాగుంటుందేమో' కూడా వాడకుండా అడిగాను. డాక్టరు చూశాడు, పరీక్షలు రాశాడు, ఆ పేరే చెప్పాడు. మొగుడికి సరిగ్గా వినబడాలని జనెల్ ఆ పేరు మళ్లీ చెప్పించుకుందట. వారం తిరగకుండా కార్లిస్ ఆ ఇంటికి వెళ్లింది. మంచు పడేనాటికి బూటు వచ్చింది, ఊదారంగుది.

జనవరిలో సోల్వేగ్ మూడో పుట్టినరోజుకు మమ్మల్ని పిలిచారు. కాఫీలయ్యాయి. అలవాటుగా పళ్లెంలో ఆఖరి ముక్క మిగిలింది, చుట్టూ కూర్చుని ఎవరూ దానివైపు చూడనట్టు చూస్తున్నాం. సోల్వేగ్ నాయనమ్మ ఒళ్లోంచి జారి, కుర్చీ పట్టు వదిలేసి, ఊదారంగు బూటు టకటకలాడించుకుంటూ గది దాటి వచ్చింది. ఆ ముక్క మొత్తం తీసుకుని నోట్లో పెట్టుకుంది. సగం కొయ్యలేదు.

"యువరాణిలా నడిచిందమ్మా!" అంది ఒకావిడ. "అసలేం తెలియట్లేదు" అంది ఇంకొకావిడ.

జనెల్ ఎవరివైపూ చూడలేదు, నావైపు చూసింది. పట్టుకోవడానికి నా చేతిలో కేకు పళ్లెం కూడా లేదు.

"ఎడమకాలు ఇంకా ఈడుస్తోంది జనెల్" అన్నాను.

కార్లిస్ ఒక్కతే కాఫీ గుటక వేసింది.

"అవును, ఈడుస్తోంది" అంది జనెల్. లేచి వచ్చి నా పక్కన కూర్చుంది. "ఈడ్చుకుంటూనే మనందరికంటే ముందు వెళ్లింది, చూశారా?"