అక్క అంటే టీచర్ కాదట

మా బడికి గుర్తింపు పోయినంత పని చేసింది ఒక్క మాట. ఆ మాట పిల్లలకు నేర్పింది నేనే కాబట్టి ఎవరినీ తిట్టుకోవడానికి వీల్లేదు.

నకరికల్లు దాటి లోపలికి వెళ్తే మా ఊళ్లో పాత మిరప గోదాము ఒకటుంది. దాన్నే బడి చేశాం. మొదటి నెలంతా పిల్లలూ మేమూ తుమ్ముతూనే ఉన్నాం. క్వారీలో రాళ్లు కొట్టేవాళ్ల పిల్లలు, లారీ డ్రైవర్ల పిల్లలు, కూలికి పోయేవాళ్ల పిల్లలు వస్తారు. ఎవరికి ఎంత వస్తే అక్కడి నుంచి మొదలుపెట్టడం మా పద్ధతి. ఆరేళ్లవాళ్లూ తొమ్మిదేళ్లవాళ్లూ ఒకే చాప మీద కూర్చుంటారు. దాహమైతే లేచి వెళ్లి తాగుతారు, ఎవరినీ అడగక్కర్లేదు. నన్నూ, నాతో పాటు చదువు చెప్పే అమ్మాయినీ "అక్కా" అంటారు. వాళ్ల అమ్మలకన్నా పదిహేనేళ్లు పెద్దదాన్ని, అయినా అక్కనే. అదో గొప్ప నాకు.

గుర్తింపు కొన్నేళ్లకోసారి పొడిగించుకోవాలి. గోడలు గట్టివని ఒక కాగితం, నిప్పంటుకుంటే ఆర్పే ఏర్పాటుందని ఇంకో కాగితం, మా ఇద్దరి బీఈడీ సర్టిఫికెట్లు, అన్నీ ఫైల్లో పెట్టాం. ఆ ఏడాది ఐదో తరగతి అయ్యేవాళ్లు తొమ్మిదిమంది. గుర్తింపు పోతే మేమిచ్చే టీసీ చిత్తుకాగితం. వాళ్లు ఆరో తరగతిలో చేరడం మా ఫైలు మీద ఆధారపడి ఉంది.

తనిఖీకి వచ్చిన అధికారి చెడ్డవాడేం కాదు. చాప పక్కన గొంతుక్కూర్చుని ఒకటో తరగతి పాపను అడిగాడు.

"మీ టీచర్ ఎవరమ్మా?"

"మాకు టీచర్ లేదు సార్."

"మరి పాఠాలు ఎవరు చెప్తారు?"

"ఎవురూ చెప్పరు. మేమే చేసుకుంటాం. రాకపోతే అక్కనడుగుతాం. అక్క కూడా మాతోనే చదువుద్ది."

నేను పక్కనే నిలబడి మురిసిపోయాను. అదీ నా తెలివి. ఎంత చక్కగా చెప్పింది నా తల్లి అనుకున్నాను. ఆయన తలూపి వెళ్లిపోయాడు.

వారానికి నోటీసు వచ్చింది. బోధించే ఉపాధ్యాయులు లేరనీ, అక్కలని పిలిచే ఇద్దరు ఆడవాళ్లు పిల్లల్ని చూసుకుంటున్నారనీ, ఫైల్లోని సర్టిఫికెట్లు వేరేవాళ్లవేమో విచారించాలనీ ఉంది. సర్టిఫికెట్ ఒకరిది పెట్టి పాఠం ఇంకొకరితో చెప్పించే బళ్లు లేకపోలేదు. ఆయన అనుమానం ఆయనది.

ఒరిజినల్స్ పట్టుకుని ఆఫీసుకు పరుగెత్తాను. సర్టిఫికెట్లలో ఫొటోనీ నా మొహాన్నీ మార్చి మార్చి చూసి నమ్మాడు. తర్వాత మా పద్ధతి గురించి గంటసేపు చెప్పాను. ఓపికగా విన్నాడు.

"బాగానే ఉందమ్మా. కానీ ఇదంతా ఫారంలో ఏ గడిలో రాయమంటావు?" అన్నాడు. "మళ్లీ వస్తాను. తరగతి తరగతిలా కనపడాలి."

ఇంటికి వచ్చేసరికి ఐదో తరగతి పిల్ల తల్లి అరుగు మీద కూర్చుని ఉంది. క్వారీ నుంచి అటే వచ్చింది, జుట్టునిండా రాతిదుమ్ము.

"మా పిల్లకి ఆరో క్లాసు ఉండుద్దా ఉండదా? అదొక్కటి చెప్పు. తతిమ్మా కబుర్లు నాకొద్దు" అంది.

ఉంటుందని చెప్పేశాను. మూతపడిన ఒక కాన్వెంటు నుంచి పాత బెంచీలు తెప్పించాను. "ఇట్టా చేసేదానికి మనం బడి ఎందుకు పెట్టినట్టక్కా?" అంది నాతో పాటు చదువు చెప్పే అమ్మాయి. దాని మీద కేకలేశాను. నిజం చెప్పినవాళ్ల మీద విరుచుకుపడటం నాకు అలవాటే.

రెండు వారాలు తర్ఫీదు ఇచ్చాం. చేతులు కట్టుకోవాలి. చెప్పేదాకా లేవకూడదు. మేడం అనాలి. అక్కా అని పిలిస్తే నేను పలకలేదు. చిన్నవాళ్లు నాలుగైదుసార్లు పిలిచి, నాకు చెవుడొచ్చిందనుకుని దగ్గరికొచ్చి కొంగు లాగేవాళ్లు. అప్పుడూ పలకలేదు. మా బడి గొంతు నా చేత్తో నేనే నులుముతున్నానని తెలుస్తూనే ఉంది.

అధికారి మళ్లీ వచ్చాడు. వరసగా బెంచీలు, గోడకు టైంటేబుల్. "మీ టీచర్ ఎవరు?" అనగానే అందరూ ఒక్క గొంతుతో "మా మేడమే సార్" అన్నారు. ఆయన మొహం విప్పారింది. తాపీగా రిజిస్టర్లన్నీ చూసి, మజ్జిగ తాగి, "ఇప్పుడు బడిలా ఉంది" అని సంతకం పెట్టి వెళ్లాడు.

పిల్లల్ని లేవమన్నాను. ఆ ఒకటో తరగతి పాప తప్ప అందరూ లేచారు. దగ్గరికి వెళ్లి చూస్తే గౌను తడిసిపోయి ఉంది, బెంచీ కింద మడుగు. చేతులు ఇంకా కట్టుకునే ఉంది.

"చెప్పకపోయావా తల్లీ!"

"మీరు లేవొద్దన్నారుగా మేడం" అంది తలెత్తకుండా.

గుర్తింపు కాగితం వచ్చింది. తొమ్మిదిమందీ ఆరో తరగతిలో చేరారు. క్వారీ నుంచి వచ్చిన ఆ తల్లి నా రెండు చేతులూ పట్టుకుని, మా పిల్ల బతుకు నిలబెట్టావంది. నాకు ఏడుపు ఆగలేదు. సంతోషమనుకుని, తన కొంగుతో నా కళ్లు తుడిచింది.