ఎక్కువైన దండం

పండగకు పిలిచి, తిండి పెట్టకుండా నన్ను మెట్లు దించిన ఇల్లు ఒక్కటే ఉంది. అది కొరియావాళ్ల ఇల్లు. ఈ మాట చెబితే తిరుపతిలో కొరియావాళ్లెవరయ్యా అని నవ్వుతారు. ఉండేవాళ్లు. ఎనభైల మొదట్లో రేణిగుంట దగ్గర ఒక ఫ్యాక్టరీలో యంత్రాలు బిగించడానికి వచ్చిన ఇంజనీరు, అతని భార్య, అతని తల్లి. నేను ఆ ఫ్యాక్టరీ స్టోర్సులో గుమాస్తాను. నట్లు, బోల్టులు ఇచ్చే కిటికీ దగ్గర మా స్నేహం మొదలైంది. తెలుగు అతను ఫిట్టర్ల దగ్గర నేర్చుకున్నాడు కాబట్టి అచ్చం వాళ్లలాగే మాట్లాడేవాడు.

వాళ్లకు తిరుపతిలో మేడమీద ఇల్లు చూసిపెట్టింది నేను. ముసలామెకు ఆయాసం వస్తే రిక్షాలో ఆసుపత్రికి తీసుకెళ్లింది నేను. ఆమె గుండె బాగా బలహీనపడిందని డాక్టరు చెప్పినప్పుడు పక్కన నిలబడి విన్నదీ నేనే. ఇది ముందే చెప్పి పెడుతున్నాను. తర్వాత అందరూ దీన్ని తమకు వీలుగా మరిచిపోయారు.

ఆమెకు ఒక్కటే కోరిక. సొంత ఊళ్లో కన్నుమూసి, భర్త సమాధి పక్కన మట్టిలో కలవాలి. ఒక్కడే కొడుకు, విడిచి ఉండలేక వెంట వచ్చింది. ఎండాకాలం చివరికి అతని పని అయిపోతుంది, తిరిగి వెళ్లిపోతారు. అంతదాకా ఆమె బతికుండాలి. ఆ ఇంట్లో ఎవరు ఏం మాట్లాడుతున్నా లోపల ఆ ఆలోచనే ఉండేది. నేను వెళ్లినప్పుడల్లా ఆమె కమలాపండు ఒలిచి తొనలు నా నోట్లో పెట్టేది. మా అమ్మ పోయాక నాకు అట్లా నోటికందించినవాళ్లు లేరు.

వాళ్ల కొత్త సంవత్సరం మాఘమాసం మొదట్లో వస్తుంది. "పండగ మా ఇంట్లో సేసుకుందాం, రాప్పా" అన్నాడు నా స్నేహితుడు. నేను సెలవు పెట్టాను. ముందురోజు నానబెట్టిన బియ్యాన్ని పిండిమరలో పట్టించి తెచ్చింది నేనే. అతని భార్య ఆ పిండిని ఆవిరిమీద ఉడికించి, ఇంటివాళ్ల రోట్లో దంచి, పొడుగ్గా చుట్టి, బిళ్లలుగా కోసింది. వాటిని చారులో వేసి కాచుకుంటేనే వాళ్లకు పండగ. వాళ్ల చారులో మాంసం పడుతుంది. మాది వైష్ణవుల ఇల్లని తెలుసు కనుక నాకు విడిగా కూరగాయలతో కాస్తానంది.

పండగనాడు తలస్నానం చేసి, నామం పెట్టుకుని వెళ్లాను. లోపల చిన్న బల్లమీద చనిపోయిన తండ్రి ఫొటో, దాని ముందు అన్నం, పండ్లు, చేపలు. నా స్నేహితుడూ భార్యా ఫొటో ముందు నేలకు నుదురు తాకించి రెండుసార్లు మొక్కారు. మా ఆచారమే అనుకుని సంతోషించాను. కోవెల కైంకర్యంలో ముసలివాడైన మా నాయన చిన్నప్పుడే నేర్పాడు: "పెద్దోళ్లకు పడితే రెండుసార్లు పడాల్రా. ఒకసారి పడి లేస్తే కాలుజారి పడినట్టుంటాది."

తర్వాత ముసలామె పట్టుబట్టలు కట్టుకుని చాపమీద కూర్చుంది. కొడుకూ కోడలూ ఆమెకు ఒకసారి మొక్కారు. ఆమె చెయ్యెత్తి చాలన్నట్టు ఆపింది, అందుకే ఒకటితో సరిపెట్టారనుకున్నాను.

"నువ్వూ మొక్కప్పా. అమ్మ దీవిస్తాది" అన్నాడు.

అంతే అన్నాడు. ఎన్నిసార్లని చెప్పలేదు.

నేను సాష్టాంగపడ్డాను. నిలువునా నేలమీద పడుకోవడం చూసి ఆమె నవ్వింది. ఒడిలో కమలాపండు పెట్టుకుని ఉంది. లేవగానే నా తలమీద పెట్టడానికి చెయ్యి చాపింది. నేను మళ్లీ పడ్డాను.

నుదురు నేలమీద ఉండగానే కోడలు గొంతులో ఏదో అడ్డుపడ్డ చప్పుడు విన్నాను. లేచి చూస్తే పండు చాప అవతలికి దొర్లిపోయింది. ముసలామె చెయ్యి గుండెమీద ఉంది.

"ఏం సేసినావప్పా" అన్నాడు స్నేహితుడు. గొంతు పెంచలేదు. "రెండోది సచ్చిపోయినోళ్లకు."

"నాకెవురు చెప్పినారు?"

"సూడలేదా? నాయన ఫొటోకి రెండు, అమ్మకి ఒకటి. కండ్లు యాడ పెట్టినావు?"

"మా ఇంట్లో బతికుండేవాళ్లకే రెండు."

"ఇది మీ ఇల్లు కాదు కదప్పా."

ముసలామె వాళ్ల భాషలో మెల్లగా ఏదో అంది. ఏమందని అడిగాను. నా మోచెయ్యి పట్టుకుని మెట్లదాకా నడిపించాడు. "ఈ పొద్దుకి పో" అన్నాడు. వంటగది వాకిట్లో, మిగతావాటికి ఎడంగా, చిన్న గిన్నె ఒకటి మూతపెట్టి ఉంది. అది నాది. నేను దాన్ని చూడటం అతనూ చూశాడు.

ఇంట్లో నాయన అంతా విన్నాడు. "మన దండంలో తప్పు లేదు. పండగ పూట ఆకలితో పంపినోళ్లదే తప్పు" అని, తనే పెరుగన్నం కలిపి పెట్టాడు. ఆ తీర్పు మార్చాల్సిన అవసరం నాకు ఇంతవరకు కనబడలేదు.

ఆ తర్వాత బోల్టులు కావాలంటే కిటికీ దగ్గరికి వేరేవాళ్లను పంపేవాడు. ఎండలు ముదిరాక ముసలామెను ఆసుపత్రిలో చేర్చారని తెలిసి కమలాపండ్లు తీసుకుని వెళ్లాను. కోడలు సంచి అందుకుంది కానీ తలుపుకు అడ్డం తొలగలేదు. లోపల మంచంమీద నుంచి ముసలామె చెయ్యెత్తింది. రమ్మనో, పొమ్మనో తెలియలేదు. తెలుసుకునేలోపు తలుపు మూసేశారు.

ఇంకొన్ని వారాల్లో బయలుదేరాల్సి ఉండగా ఆమె పోయింది. తెల్లవారగానే అతను మా ఇంటికి వచ్చాడు.

"అమ్మ పోయిందప్పా. అంత దూరం ఎత్తకపోలేం. ఈడనే కాల్చాల. నాకెవురుండారు, నువ్వే రావాల."

తప్పయిందని ఒక్క మాట అంటాడేమోనని గడపలోనే నిలబెట్టి చూశాను. అనలేదు. లోపలినుంచి నాయన, "పోరా, ఆయమ్మ నీకు తినిపించింది" అన్నాడు. వెళ్లాను. కట్టెలు మాట్లాడింది, పాడెకు మనుషులను పిలిచింది, కాటికాపరితో వాదించింది అన్నీ నేనే.

శవాన్ని చితిమీదికి చేర్చాక అతనూ భార్యా రెండేసిసార్లు మొక్కారు. తర్వాత నావైపు తిరిగాడు.

"ఇప్పుడు నువ్వు మొక్కప్పా. రెండు."

ఈసారి ఎన్నిసార్లో చెప్పాడు. నేను ఆ వేడి మట్టిలో సాష్టాంగపడ్డాను. లేచి దుమ్ము దులుపుకున్నాను.

"ఇంకొకటి" అన్నాడు.

"పండగనాడు ఒకటి ఎక్కువైందన్నావే, దాన్ని దీంట్లో కలుపుకో" అన్నాను.

అతను నావైపు కాసేపు చూశాడు. కోపమని చెప్పలేను. తర్వాత చితివైపు తిరిగి, నా బదులు తనే ఇంకోసారి నేలకు నుదురు ఆనించి మొక్కాడు.

అది కూడా నాకు అవమానంగానే తోచింది. ఇప్పటికీ అట్లాగే తోస్తుంది.