తొట్టెలో పారిన వాగు

1959 జూన్ పదో తేదీ, బుధవారం. కొమరోలు దగ్గరి ఒక పల్లె. హాజరైనవారు: కొర్ర విత్తబోతున్న ఏసోబు, గొర్రెల మల్లయ్య తాత, రైతులకు సలహాలివ్వడానికి కొత్తగా వచ్చిన గ్రామసేవకుణ్ణైన నేను. ఒక చేను నాశనం కావడానికి ఇంతమంది అక్కర్లేదు. నేనొక్కణ్ణే చాలు.

రాష్ట్రం కొత్త, నా ఉద్యోగం కొత్త, వాగుకు అడ్డంగా ఊరివాళ్లు వేసిన మట్టికట్ట కొత్త. ఏసోబుకు తొలిసారి సొంత నేల దక్కింది: కట్ట కింద ఒండ్రునేల చెక్క ఒకటి, మిట్టన రాళ్ల చెక్క ఒకటి. విత్తనం మాత్రం ఒక్కదానికే ఉంది.

"కట్ట నిలుస్తాదా సారూ?" అని అడిగాడు.

ఇప్పుడు కంప్యూటర్లలో వానలు కురిపించి పరిశోధనలు చేస్తున్నారట. నాకప్పుడు ఒక ఇనుప తొట్టె ఉండేది. అందులో వాగునూ కట్టనూ కొలతల ప్రకారం మట్టితో చేసి, మొక్కలకు నీళ్లు పోసే డబ్బాతో వాన కురిపించాను. ఒకసారి కాదు, నలభైసార్లు! ప్రతిసారీ డైరీలో "నిలిచింది" అని రాశాను. పెళ్లిచూపుల్లో కొడుకును పొగిడే తండ్రికి కూడా అంత ధీమా ఉండదు.

మల్లయ్య తాత తొట్టెలోకి తొంగి చూశాడు.

"బాగుండాది నాయనా. నా గొర్రెలు యాడ?"

"గొర్రెలెందుకు తాతా?"

"దినామూ ఆ కట్ట దాటే గదా నీళ్లకు పోయేది."

"ఇది లెక్క తాతా. లెక్కలో గొర్రెలుండవు."

"అట్లనా! ఆ మాట వాటికి జెప్పు."

ఏసోబు నవ్వాడు. "నలభైమాట్లు జూసినాడు తాతా, ఊరికే చెప్తాడా ఏంది!" అంటూ వెళ్లి కింది చేనులోనే విత్తాడు.

కొర్ర మోకాలెత్తు పెరిగింది. ఈలోగా గొర్రెలు నడిచి నడిచి కట్ట నడినెత్తిన పల్లం చేశాయి. రోజూ సైకిల్ మీద పోతూ నేనది చూశాను. తొట్టెలో లేదు గనుక డైరీలో రాయలేదు. ఒక మధ్యాహ్నం కుండపోత వాన కురిసింది. వాగు ఆ పల్లం మీదుగా పొర్లి కట్టను రెండుగా చీల్చింది. సాయంత్రానికి ఏసోబు చేనంతా ఇసుక. ఆ ఏడంతా ఆ ఇంటికి కూలికి పోతేనే కూడు అని ఊరందరికీ అర్థమైంది.

మర్నాడు పొద్దున ఏసోబు నా దగ్గరికొచ్చాడు. తిడతాడనుకున్నాను. తొట్టె ముందు గొంతుక్కూర్చుని, డబ్బాతో నీళ్లు పోశాడు. కట్ట చెక్కుచెదరలేదు.

"మీది నిలిచే ఉండాది సారూ. నా చేను గూడా దీంట్లోకి మార్చండి," అన్నాడు.

అతను వెళ్లాక, సిరాసీసా సాక్షిగా డైరీలో ప్రమాణం రాసుకున్నాను: నేను చేసిన వాగుకు నేనే నలభైసార్లు సాక్ష్యం చెప్పను. చెప్పులు విడిచి అసలు వాగులో ఒక్కసారైనా దిగాకే నోరు తెరుస్తాను.