మొలతాడు బిళ్ళ

“కదలకుండా పట్టుకోవే వాణ్ణి!” అంటూనే అమ్మ కత్తెరతో మొలతాడు తెంపేసింది. చక్కిలిగింత అనుకున్నాడేమో, నా మేనల్లుడు కిలకిలా నవ్వాడు. వాళ్ళమ్మ, అంటే మా వదిన, బట్టల షాపులో డ్యూటీకి వెళ్ళిపోయింది. ఇక ఆపేదెవరు?

ఆ తాడుకి ఒక ఇత్తడి బిళ్ళ ఉంది. మధ్యలో చిల్లు, చుట్టూ అరిగిపోయిన ఇంగ్లీషు అక్షరాలు. దిష్టి తగలకుండా పిల్లల మొలకి చిల్లు కాసు కట్టడం మా వైపు మామూలే. బాబు పుట్టినప్పుడు వదిన వాళ్ళమ్మగారు పామర్రు నుంచి తెచ్చి కట్టారు. పాత నాణేలకి లక్షలిస్తారని ఫోన్‌లో వచ్చిన వీడియో అమ్మకి చూపించింది నేనే. చూపించి ఊరుకున్నానా? స్కూటీ ఏ రంగు కొనాలో కూడా చెప్పాను.

బాబుని పక్కింట్లో అప్పజెప్పి, గుణదలలో ఆటో ఎక్కి, వన్‌టౌన్‌లో పాత నాణేలు కొనే షాపుకి వెళ్ళాం. షాపాయన భూతద్దం పెట్టి చూసి నవ్వాడు.

“ఇది సర్కారు కాసు కాదమ్మా. బ్రిటిషు వాళ్ళ రోజుల్లో చిల్లరకి కటకటగా ఉండేది. అందుకని కొందరు షావుకార్లు సొంతంగా బిళ్ళలు కొట్టించి చిల్లర బదులు ఇచ్చేవారు. వాళ్ళ కొట్లో తప్ప ఇంకెక్కడా చెల్లవు.”

“అంటే దొంగ కాసా?”

“దొంగది కాదమ్మా...”

అమ్మ వింటేగా! షాపు మెట్ల మీదే నిలబడి పామర్రులో వదిన వాళ్ళమ్మగారికి ఫోన్ కొట్టింది. అది కూడా స్పీకర్‌లో.

“ఏం వదినగారూ, నా మనవడికి చెల్లని బిళ్ళ కట్టి పంపారా? ఇంకేమీ దొరకలేదా మీకు?”

లోపల ఎవరో కిసుక్కుమన్నారు.

“మా తాతమ్మకి కూలి కింద ఇచ్చారటండీ,” అన్నారావిడ అవతల నుంచి మెల్లగా. “ఆ కొట్టు ఎత్తేశాక ఎవరూ తీసుకోకపోతే పిల్లకి కట్టుకుందట. మా అమ్మకీ, నాకూ, మా అమ్మాయికీ అదే కట్టారు. చెల్లుతుందో లేదో మేమెప్పుడూ చూళ్ళేదు వదినగారూ.”

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పక్క షాపులో వేలాడదీసిన గొడుగుల వైపు తిరిగి, అమ్మ ఎవరో తెలియనట్టు నిలబడ్డాను. ఆ నిలబడటం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు చచ్చిపోతుంది.

సాయంత్రం వదిన వచ్చేసరికే వాళ్ళమ్మ ఫోన్‌లో ఏడ్చినట్టున్నారు. వదిన అరుస్తుందనుకున్నాను. అరిచినా బాగుండేది.

“బిళ్ళ ఇవ్వండి అత్తయ్యా,” అంది, అంతే. మళ్ళీ కడుతుందనుకుని నేను ఎర్ర దారం తెచ్చాను. వదిన దాన్ని ముట్టుకోలేదు. బిళ్ళని కర్చీఫులో చుట్టి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది.

“ఆదివారం వెళ్ళి మా అమ్మకి ఇచ్చేస్తాను. వాళ్ళ నానమ్మకి పనికిరానిది వాడికెందుకు?”

అమ్మ టీవీ సౌండు పెంచింది. బాబు బోసి మొలతో మా మధ్య పాకుతున్నాడు.

మర్నాడు పొద్దున్నే ఎవరికీ చెప్పకుండా పామర్రు బస్సెక్కాను. నన్ను చూసి వదిన వాళ్ళమ్మగారు కంగారుగా, “బాబు బాగున్నాడా అమ్మా?” అన్నారు. ఆ మాటకి ఇంకా సిగ్గేసింది. గుమ్మంలోనే నిలబడి ఆవిడ చేతులు పట్టుకున్నాను.

“అమ్మ పంపలేదు అత్తయ్యగారూ, నేనే వచ్చాను. ఆదివారం వదిన ఆ బిళ్ళ తెస్తే మీరు తీసుకోకండి, మళ్ళీ బాబుకే కట్టమనండి,” అని అడిగాను.