పేరులో ఏ ముక్క చెప్పినా

వాసంతికి త్రినాథరావంటే ఒళ్లు మంట. ఎల్బీనగర్‌లోని ఆ రక్తపరీక్షల ల్యాబులో కంప్యూటర్లన్నీ ఆయన గుప్పిట్లోనే. పాత రిపోర్టు ఒకటి తెరవాలంటే రెండు నిమిషాలు పట్టేది. జనం తిట్లు మాత్రం ఆయన కింద పనిచేసే వాసంతికి.

"దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్‌లో కంప్యూటర్ స్పీడు పెంచే ట్యూనింగ్ నేర్చుకున్నావుగా తల్లీ, ఏదీ, చెయ్యి చూద్దాం! శనివారంలోపు స్పీడు పెరక్కపోతే వేరే ఉద్యోగం వెతుక్కో," అన్నాడాయన ఓరోజు అందరూ వింటుండగా.

పోచంపల్లిలో మగ్గం అమ్ముకుని వచ్చిన కుటుంబం వాసంతిది. ఈ ఉద్యోగం పోతే వెనక్కి వెళ్లడానికి అక్కడేమీ లేదు.

కోచింగ్ నోట్సులో ఉన్నట్టే పేరు, ఫోను, తేదీ, ఊరు, అన్నిటి మీదా ఇండెక్సులు పెట్టేసింది. ఇండెక్స్ అంటే పుస్తకం చివర ఉండే పట్టిక లాంటిది. కొత్త పేరు ఎక్కినప్పుడల్లా ఆ పట్టికలన్నీ దిద్దుకోవాలి. మర్నాడు పరగడుపున వచ్చినవాళ్ల పేర్లు ఎక్కించేసరికే లైను మెట్ల దాకా పాకింది. పాత రిపోర్టు మాత్రం ఎప్పటిలాగే రెండు నిమిషాలు.

"బాగుచెయ్యమంటే ఉన్నది కూడా చెడగొట్టావు!" అని పకపకా నవ్వాడు త్రినాథరావు.

గురువారం నోట్సు పక్కన పడేసి కౌంటర్లో కూర్చుంది. అక్కడ పనిచేసే సంతోషి "రావు" అని మాత్రమే కొట్టి వెతుకుతోంది.

"పూరా పేరు కొట్టవేందే?"

"ఎట్ల కొడతనక్కా? కొందరు ఇంటిపేరు ముందు చెప్తరు, కొందరు ఎనక చెప్తరు. పేర్ల ఏ ముక్క చెప్పినా దొరికేటట్టు త్రినాథరావు సారే పెట్టిండు."

అదీ సంగతి! మొదటి అక్షరం తెలియకపోతే పట్టిక ఎందుకూ కొరగాదు. అందుకే కంప్యూటరు ప్రతిసారీ ఎనిమిది లక్షల పేర్లూ మొదటినుంచి చదువుతోంది. వాసంతి ఫోన్ నంబర్ పట్టిక ఒక్కటే ఉంచి, తను పెట్టిన మిగతావన్నీ పీకేసింది. ఇకమీదట ముందు నంబరే అడగమంది సంతోషిని. రిపోర్టు చిటికెలో తెరుచుకుంది.

శనివారం ల్యాబు యజమాని డాక్టర్ ఇంద్రాణి వచ్చింది. "రిపోర్టు ఇంత తొందరగా వస్తోందే, ఎవరు చేశారిది?"

"నేనేనండీ. రెండ్రోజులు తంటాలు పడ్డాను," అన్నాడు త్రినాథరావు, సిగ్గులేకుండా.

"అయితే ఇన్ని దినాలు ఎందుకు లేటయిందో డాక్టరమ్మకు జర చెప్పుండ్రి సార్," అంది వాసంతి.

ఆయన బల్ల మీది కాగితాలు సర్దడం మొదలుపెట్టాడు. వాసంతే చెప్పింది, ముందు తన తప్పు, తర్వాత ఆయనది.

"త్రినాథరావు గారూ, సోమవారం నుంచి రోజూ గంటసేపు ఈ అమ్మాయి దగ్గర కూర్చుని నేర్చుకోండి," అంది డాక్టరమ్మ.

ఆయన ముఖం మాడిపోయింది. వాసంతికి రవ్వంత జాలి కూడా కలగలేదు.

"వచ్చేటప్పుడు మీ కుర్చీ మీరే తెచ్చుకోండ్రి సార్," అంది.